ఆర్టిస్టుగారి తెర

మా అపార్ట్‌మెంటు గేటుకు నిన్నటి నుంచి రంగు వేస్తున్నారు. ఆ ఎనామిల్ వాసన మెట్లెక్కి వచ్చి, తలుపు సందుల్లోంచి దూరి, వంటింట్లో పోపు వాసనను కూడా మింగేసి, నా నెత్తికెక్కి కూర్చుంది. పక్క ఫ్లాటు వాళ్ళు తలనొప్పి అంటున్నారు. నాకు తలనొప్పి కాదు, ఒళ్ళు మంట. రంగు వాసన ఎక్కడ తగిలినా నాకు ముందు కోపం వస్తుంది, తర్వాత పూర్ణ బాబాయి గుర్తొస్తాడు. ఒక్కోసారి ముందు బాబాయి గుర్తొచ్చి తర్వాత కోపం వస్తుంది. ఆయన పోయి ఇన్నేళ్ళయినా ఈ వరస మారలేదు.

దానికి తోడు పొద్దున్నే లావణ్య ఫోను. లావణ్య బాబాయి కూతురు, హైదరాబాదులో ఏవో కంపెనీలకు కంప్యూటర్లో బొమ్మలు గీస్తుంది. కొత్తగా కార్డులు అచ్చు వేయించుకుందట, పేరు కింద ‘ఆర్టిస్ట్’ అని పెట్టుకుందట. “అక్కా, నాన్న కూడా పెళ్ళికి ముందు బొమ్మలు వేసేవాడని అమ్మ అంటోంది, నిజమేనా? నాకెప్పుడూ చెప్పలేదు. ఆయన వేసింది ఒక్కటన్నా ఉందా నీ దగ్గర?” అని అడిగింది. నిజమేనా అని అడుగుతుందేమిటి! మా ఇంటిల్లిపాదినీ ఏళ్ళ తరబడి ఏడిపించుకు తిన్న సంగతి నిజమేనా అని నన్నే అడగాలా! వెతికి చెబుతానని ఫోను పెట్టేశాను.

అసలు ఆర్టిస్టు అనే మాటంటేనే నాకు విసుగు. మా లిఫ్టులో అతికించిన కాగితంలో గోళ్ళకు రంగులేసే అమ్మాయి ఆర్టిస్టు. పెళ్ళికూతురి మొహానికి పూతలు పూసే ఆమె ఆర్టిస్టు, చేతులకు గోరింటాకు పెట్టే ఆమె ఆర్టిస్టు, మొన్నొక కాఫీ కొట్లో నురగ మీద ఆకు బొమ్మ తేల్చి ఇచ్చినవాడి చొక్కా మీద కూడా అదే మాట. నా చిన్నప్పుడు మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి ఆర్టిస్టు ఒక్కడే ఉండేవాడు. ఆ ఒక్కణ్ణి భరించేసరికే మా తల ప్రాణం తోకకొచ్చింది.

ములకలపల్లి దాటాక, అడవి ఆగిపోయి పొలాలు మొదలయ్యే చోట ఉండేది మా ఇల్లు. తాతయ్యా నాయనమ్మా కృష్ణా జిల్లా నుంచి బళ్ళు కట్టుకొని వచ్చి అక్కడ భూమి కొన్నారు. భూమి అనడమే గాని సగం చెట్లూ మోళ్ళే. తాతయ్య కొన్ని పెకలించి పోయాడు, మిగిలినవి నాన్న పెకలిస్తూ బతికాడు. తొలకరి జల్లు పడిందంటే చాలు, ఎవరో పిలిచినట్టు మోదుగ పిలకలూ తునికి పొదలూ గట్లెక్కి మళ్ళీ పొలంలోకి దిగేవి, నాన్న గొడ్డలి భుజాన వేసుకొని గట్ల వెంట తిరుగుతూ వాటిని తిట్టేవాడు. మాకు మాత్రం ఆ అడవే చిరుతిండి. ఎండాకాలం వస్తే నేనూ తమ్ముడూ తునికి పండ్లు, మొర్రి పండ్లు ఏరుకొని, గౌన్ల నిండా లాగుల నిండా మరకలు చేసుకొని, ఎవరికీ తెలియదనుకుంటూ పెరటి దారిన ఇంట్లోకి వచ్చేవాళ్ళం. చైత్రమాసంలో తెల్లవారుజామున ఇప్పపూలు రాలే వాసన ఇంటి మీదుగా పోతుంటే, ఆ తీపి వెగటుగానూ ఉండేది, ఇంకా కావాలనీ ఉండేది. మా అమ్మది ముదిగొండ వైపు. ఆమె మోదుగాకులు ముందేసుకొని, ఈనెపుల్లలతో విస్తళ్ళు కుడుతూ, కృష్ణా జిల్లా అత్తగారి మాటలకు ఖమ్మం మాటల్లో జవాబులు చెప్పుకుంటూ మధ్యాహ్నాలు గడిపేది.

బాబాయి నాన్న కంటే బాగా చిన్న. ఇంట్లో ఒకడన్నా చదువుకోవాలని ఆయన్ని ఖమ్మం పంపి కాలేజీలో చేర్పించారు. కాలేజీకి వెళ్ళే దారిలో సినిమా హాళ్ళకు బ్యానర్లు వేసే షెడ్డు ఒకటి ఉండడం మా కర్మ. ఇంటరు తప్పి, సంచిలో బ్రష్షులూ నోట్లో ఒక ఇంగ్లీషు మాటా పెట్టుకొని తిరిగొచ్చాడు. ఏం చేద్దామనుకుంటున్నావురా అని నాన్న అడిగితే, “నేను ఆర్టిస్టునన్నయ్యా” అన్నాడు. ఏం చేస్తావని అడిగితే ఏమైపోయాడో చెప్పాడు. ఆ మర్నాడే ఇంటి ముందు గోడ మీద ‘పూర్ణ ఆర్ట్స్’ అని నీలం అక్షరాలు రాసి, అక్షరాల చుట్టూ తీగలు, తీగల మీద పిట్టలు వేసి, నాయనమ్మకు పిడకలు కొట్టుకోవడానికి చోటు లేకుండా చేశాడు.

పని రాలేదని కాదు. వచ్చిన పని వచ్చినట్టు చేయడం ఆయన ఒంట్లో లేదు. పిండిమరకు బోర్డు రాయమంటే ‘పిండిమర’ అనే నాలుగక్షరాలు ఒక మూలకు నెట్టి, బోర్డంతా తెల్లటి పిండి దుమారమూ, అందులో తుమ్ముతున్న ముసలాయనా! మర యజమాని తండ్రి అచ్చంగా అలాగే తుమ్మేవాడు, దాని మీద పెద్ద రభస. ఎడ్లబండికి రంగు వేయమంటే చక్రానికి కళ్ళు పెట్టాడు, ఎడ్లు బెదిరాయి. ఇవన్నీ ఒక ఎత్తు, దవాఖానా గోడ ఒక ఎత్తు. కుటుంబ నియంత్రణ గుర్తు ఎర్ర త్రికోణం వేసి, ఇద్దరు పిల్లలు చాలు అని రాయమన్నారు వాళ్ళు. త్రికోణం చక్కగా వేశాడు, అక్షరాలు ముత్యాల్లా రాశాడు, అంతటితో చేయి ఊరుకోక ఆ త్రికోణం లోపల నాయనమ్మ మొదలుకొని మా అత్తల పిల్లల దాకా, ఉయ్యాలలో ఉన్నవాళ్ళతో సహా, మా బలగాన్నంతా నవ్వు మొహాలతో కూర్చోబెట్టాడు. జనం నిలబడి చూసి, మా ఇంటి వాళ్ళను ఒక్కొక్కరినే గుర్తుపట్టి, దారి పొడుగునా నవ్వుకుంటూ పోయారు. నాన్న సున్నం బొక్కెనతో వెళ్ళి స్వయంగా ఆ గోడ తుడిచి వచ్చాడు.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఆ ఇంగ్లీషు మాట ఉప్పూ కారంలా వాడకంలో పడింది, కాకపోతే ఎవరి వాడకం వాళ్ళదే. నాయనమ్మ దృష్టిలో ఆర్టిస్టు అంటే పొద్దెక్కాక లేచేవాడు, “ఆర్టిస్టుగారికి కాఫీ ఇచ్చారా, ఇంకా దుప్పట్లోనే ఉన్నారా?” అని అరుగు మీద నుంచే కేకలు. నేను దెబ్బ తగలకుండానే ఏడిస్తే, “దీనికి ఆర్టిస్టు వేషాలెక్కువైనయి” అనేది అమ్మ. శ్రీరామనవమి నాటకాలకు ఊరూరూ తిరిగే కంపెనీవాళ్ళకైతే, ముఖానికి అర్దళం రంగు పూసుకొని పద్యాలు పాడే ఆడవాళ్ళు మాత్రమే ఆర్టిస్టులు, రాజు వేషం వేసే మగవాడు కాదు, ఎందుకో తెలియదు. సంతలో మాత్రం దండం పెట్టి “ఆర్టిస్టు సారూ” అనేవాళ్ళు, అప్పుడు బాబాయి వెంట నేనుంటే నా నడక కూడా మారేది. నాన్న ఆ మాట అసలు పలికేవాడు కాదు, ‘ఆ పని’ అనేవాడు.

దాని పుట్టుపూర్వోత్తరాలు మాకు చెప్పింది బడిలో ఇంగ్లీషు సారు. పెద్దయ్యాక ఏమవుతారని వరసగా అడుగుతూ వచ్చారు. అందరూ డాక్టరు, కలెక్టరు అంటుంటే నేను ఆర్టిస్టునవుతానన్నాను, క్లాసు గొల్లుమంది. ఆయన నవ్వలేదు. బోర్డు మీద ఆ మాట రాసి, ఇది ఇంగ్లీషువాళ్ళ సొంతం కాదమ్మా, ఫ్రెంచివాళ్ళ దగ్గర ఎరువు తెచ్చుకున్నారు, అడుగున లాటిన్ ఉంది, అక్కడ దాని అర్థం నేర్పు, పని తెలిసిన చెయ్యి, అన్నారు. ఇంకా లోతుకు తవ్వితే ఒకదానికొకటి కుదిరేటట్టు అతకడమనే అర్థం ఉందట, వేదాల్లోని మన ఋతం అనే మాటకూ అదే మూలమంటారట, ఒకప్పుడు వైద్యం తెలిసినవాణ్ణి కూడా అలాగే పిలిచేవారట, బొమ్మలు వేసేవాళ్ళూ ఊహలు అల్లేవాళ్ళూ ఆ మాటను తమకే రాయించుకున్నది చాలా తర్వాతట. నేను ఈ విద్యనంతా మూట కట్టుకొని వచ్చి రాత్రి అన్నాల దగ్గర విప్పాను. నాన్న చెయ్యి ముద్ద మీద ఆగింది.

“కుదిరేటట్టు అతకడమా? అయితే కర్రు అతికే కమ్మరి ఆర్టిస్టు. తెగిన గట్టు అతికే నేను ఆర్టిస్టును. వీడేం అతికాడు?”

“మంచానికి అతుక్కుంటాడుగా” అంది నాయనమ్మ.

అందరం నవ్వాం, బాబాయి కూడా నవ్వాడు. కానీ నాన్న నవ్వలేదు. దవాఖానా గోడ గొడవ ఇంకా చల్లారలేదు. చెయ్యి కడుక్కొని వచ్చి, సత్తుపల్లిలో మేనమామగారి ఎరువుల షాపు చూసుకునేవాళ్ళు లేరని కబురొచ్చింది, వచ్చే తొలకరికి నువ్వు అక్కడికి వెళ్ళాలి, అన్నాడు. బాబాయి మొహం మాడిపోయింది. అమ్మ కల్పించుకొని, ఆ పిల్లగాడికి ఒక్క మాట ఎదిరించ రాదు, ఒక్క అవకాశమియ్యరాదా, అని గట్టిగానే అంది. చివరికి తెగిన బేరమేమిటంటే, నవమి లోపల ఒక్క పని, ఒకే ఒక్క పని, ఒప్పుకున్నది ఒప్పుకున్నట్టు చేసి, చేయించుకున్నవాడి చేత బాగుందనిపించుకుంటే, షాపు మాట నాన్న ఇక ఎత్తడు. లేకపోతే మూట కట్టుకోవలసిందే. నేనూ తమ్ముడూ ఆ రాత్రి దేవుడికి మొక్కుకున్నాం, ఎందుకంటే బాబాయి వెళ్ళిపోతే ఆ ఇంట్లో ఇక మిగిలేది గొడ్డలి చప్పుడే.

ఆ పని యాకూబ్ భాయ్ దగ్గర దొరికింది. బస్సులు ఆగే చోట ఆయన ఫోటో స్టూడియో. వెనక వేలాడదీసే తెర చిరిగి పీలికలై పోయింది. శ్రీరామనవమికి భద్రాచలం నడిచి వెళ్ళే జనమంతా మా దారినే పోతారు, ఆ నాలుగు రోజులూ ఆయన పందిరి కింద కొత్త జంటలు బారులు తీరతాయి. ఏం కావాలో ఆయన నా ఎదురుగానే, చేతులతో గాలిలో గీసి మరీ చెప్పాడు.

“బంగళా మెట్లు గావాలె భాయ్. మెట్లకు రెండు దిక్కుల కంబాలు. మెట్టు మీద పూలకుండీ. పట్నం లెక్క గొట్టాలె. గంతే, ఇంకేం ఎయ్యకు. నీకు దండం బెడ్త, జల్దీ జెయ్యి.”

ఇంతకంటే స్పష్టంగా మనిషి ఎలా చెప్పగలడో నాకు తెలియదు. బాబాయి తల ఊపాడు. ముతక గుడ్డ బారలు కలిపి కుట్టించి, మా గొడ్ల కొట్టంలో దూలానికి కట్టాడు, గేదెలు ఎండలోకి పోయాయి, నాన్న పళ్ళు నూరుకున్నాడు. గుడ్డకు సుద్ద పట్టించడానికి వడ్రంగులు వాడే వజ్రం బంక, అంటే తోళ్ళు ఉడకబెట్టి తీసేది, మూడు రాళ్ళ పొయ్యి మీద డేకిసాలో కాచాడు. ఆ కంపు ఊరి పొలిమేర దాకా పోయింది. నాయనమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, తులసికోట చుట్టూ తిరుగుతూ, తన కడుపున ఇలాంటివాడు ఎలా పుట్టాడని దేవుణ్ణి నిలదీసింది. ఇప్పుడు గేటుకు వేస్తున్న ఈ రంగు వాసన దాని ముందు పన్నీరు.

మొదట మెట్లు వచ్చాయి, అబద్ధమాడకూడదు, మంచి మెట్లు. కంబాలు వచ్చాయి. కుండీ వచ్చింది. ఇక అక్కడ ఆపి బ్రష్షు కడుక్కుంటే అయిపోయేది. ఆ వారమే అడవిలో మోదుగ పూసింది. ఫాల్గుణంలో ఆ చెట్టు మీద ఒక్క ఆకు ఉండదు, కొమ్మలన్నీ వంకర్లు తిరిగి నల్లగా ఉంటాయి, ఆ నలుపు మీద పొద్దున లేచేసరికి నిప్పు అంటుకున్నట్టు పూలు. బాబాయి ములకలపల్లి వెళ్ళి వస్తూ దారిలో ఎక్కడో నిలబడిపోయి, చీకటి పడుతుండగా ఇల్లు చేరి, అన్నం వద్దన్నాడు. మర్నాడు కంబం వెనక నుంచి ఒక మోదుగ చెట్టు తొంగి చూస్తోంది. వెనకాల ఖాళీగా ఉంటే బాగాలేదు వదినా, ఒక్క చెట్టే, అన్నాడు అమ్మతో. ఆ ఒక్క చెట్టుకు తోడుగా ఇంకొకటి వచ్చింది. దాని కింద తునికి పొద వచ్చింది. ఇప్పచెట్టు వచ్చి ఒక కంబాన్ని మింగింది. వాగు వచ్చి మెట్లను ముంచింది. రోజూ బడి నుంచి వచ్చి పుస్తకాల సంచితోనే కొట్టంలోకి పరుగెత్తేదాన్ని, నిన్న కనిపించిన బంగళా ఇవాళ కనిపించేది కాదు. ఒకనాడు గేదె ఒకటి తాడు తెంపుకొని వచ్చి, బంక రుచికి తెర అంచు నాకి, పూలకుండీని పూర్తిగా కాజేసింది. బాబాయి ఆ చోట గడ్డి వేశాడు, కుండీ సంగతి అంతటితో సరి.

ఎరుపు కుదరలేదని వారం పైన మమ్మల్ని చంపుకు తిన్నాడు. పూలు కోసుకొచ్చి పక్కన పెట్టుకోవడం, రంగుపొడులు కలపడం, చాలదనడం, పారబోయడం. చివరికి అమ్మ కుంకుమ భరిణె ఖాళీ అయింది. “ఏంది మరిదీ గిది, బొట్టు పెట్టుకోనీకి చిటికెడన్న ఉంచకపోతివి! ఆయనడిగినవి మెట్లాయె, నువ్వు ఏస్తున్నదేంది?” అని అమ్మ నెత్తి కొట్టుకుంది. ఆమె ఒక్కతే బాబాయి పక్షాన వాదించిన మనిషి, ఆమె చేతే నెత్తి కొట్టించాడు. నాన్న ఒకసారి మాత్రం కొట్టంలోకి వచ్చి, తెర ముందు చాలాసేపు నిలబడి చూశాడు. “నేను గొడ్డలరిగేదాకా కొట్టిన చెట్లన్నీ వీడు మళ్ళీ నా కొట్టంలోనే పెంచాడు” అని అమ్మతో చెప్పి వెళ్ళిపోయాడు.

తెర అప్పగించిన రోజు సంత. చింతపండు తట్టలు, ఎండుచేపలు, గాజుల వాళ్ళు, బెల్లం మీద ఈగలు, ఇప్పపూల బస్తాల పుల్లటి వాసన, అరుపులు. స్టూడియో లోపల జాగా చాలదని యాకూబ్ భాయ్ సంత రోజుల్లో బయట పందిరి కింద తెర కట్టేవాడు. చుట్ట విప్పి కట్టి, వెనక్కి వచ్చి, తెరను ఈ కొస నుంచి ఆ కొస దాకా రెండుసార్లు కళ్ళతో వెతికాడు. నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది, ఆ ఎండలో, ఆ దుమ్ములో, ఆ తెర మీద మా ఊరి అడవి అడవిలా ఉంది. వాగు వంకర వాగు వంకరే, పొలానికి పోయే దారి దారే. మోదుగపూలు చూస్తుంటే కళ్ళు మండినట్టయ్యేది.

“మెట్లేవి భాయ్?” అన్నాడు యాకూబ్ భాయ్ చివరికి, నీరసంగా.

“లోపల ఉన్నాయి” అన్నాడు బాబాయి. చెట్ల వెనక, అని వేలు పెట్టి చూపించాడు కూడా.

ఇంతలో అడవి ఊరి నుంచి కొత్త జంట ఒకటి ఫోటోకి వచ్చింది. పిల్ల పసుపు బట్టలు, మెడలో పూసలు. తెరను ఎగాదిగా చూసి, పెనిమిటి చెవిలో తమ భాషలో ఏదో అంది. అతను మొహమాటంగా నవ్వాడు. “గీ చెట్ల నడుమకెల్లే పొద్దుగాల సంది నడిసొస్తున్నమన్నా. ఫోటోల గూడ గివేనా? బంగళా లేదా అనడుగుతున్నది.” చుట్టూ ఉన్న సంత అంతా నవ్వింది. ఆ పిల్ల తప్పేమీ లేదు, జీవితంలో ఒక్కసారి దిగే ఫోటో, చెట్లు ఆమెకు కొత్తా! వాళ్ళు వెళ్ళిపోయారు. వాళ్ళ వెనక నిలబడ్డవాళ్ళూ వెళ్ళిపోయారు.

యాకూబ్ భాయ్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. “పూలెర్రగున్నయి, నేను కాదంటనా? గాని నా డబ్బాకు రంగులు కనపడయి భాయ్! అచ్చేది నలుపు తెలుపే గాదు? గదన్న తెల్వదా నీకు?” బాబాయికి తెలుసు. అందరికీ తెలిసినట్టే ఆయనకూ తెలుసు, వేసేటప్పుడు జ్ఞాపకం లేదు, అంతే. అయినా తగ్గలేదు, ఒక్క ఫోటో తీసి చూడు, కాగితం మీద చూశాక మాట్లాడు, అని పట్టుబట్టి, పని ఎలా అయిందో చూడటానికి వచ్చిన మమ్మల్నే లాక్కొచ్చి తెర ముందు నిలబెట్టాడు. మధ్యలో నాన్న, పక్కన నాయనమ్మ, అమ్మ, ముందు నేనూ తమ్ముడూ. నిలబెట్టాక ఊరుకున్నాడా! కెమెరా పక్కన నిలబడి చేతులు ఊపుతూ, “అన్నయ్యా, కాస్త జరుగు, నీ వెనకే పెద్ద మోదుగ ఉంది. వదినా, వాగు మూసేశావు, ఇటు జరుగు. అమ్మా, నువ్వూ జరగాలి” అని ఒకటే గోల. ఎటు జరిగినా ఏదో ఒక చెట్టుకు అడ్డమే. సంత జనమంతా మమ్మల్నే చూస్తున్నారు. నాన్న పెద్ద మనిషి, వెడల్పాటి మనిషి, తెల్ల చొక్కా తొడుక్కొని ఉన్నాడు.

“నేను జరగనురా. ఫోటో నాకా, చెట్టుకా?” అన్నాడు నాన్న. యాకూబ్ భాయ్ బటన్ నొక్కేశాడు.

వారం తర్వాత కాగితం వచ్చింది. మోదుగపూలన్నీ బూడిద రంగులో ఉన్నాయి. కొమ్మల రంగూ అదే, ఆకాశం రంగూ ఇంచుమించు అదే. అమ్మ కుంకుమ భరిణె మొత్తం ఆ బూడిదలో కలిసింది. బాబాయి ఆ ఫోటో పట్టుకొని అరుగు మీద కూర్చున్నాడు, ఎవరైనా ఒక మాట అంటారేమోనని నేను భయపడ్డాను గాని, నాయనమ్మ కాఫీ తెచ్చి ఆయన పక్కన పెట్టి పోయింది. తర్వాత లేచి వెళ్ళి, తెర వెనక్కి తెచ్చుకొని, సుద్ద కలిపి, అడవి మొత్తం మీద తెల్లగా పూత వేసి, దాని మీద మెట్లు వేశాడు. మెట్లు, కంబాలు, పూలకుండీ. అంతే, ఇంకేమీ వేయలేదు.

ఆ నవమికి దారంతా పసుపుబట్టల జనం. మా ఇంటి ముందు నాయనమ్మ పందిరి వేయించి, కొత్త కడవల్లో పానకం కలిపించింది, మిరియాల ఘాటూ యాలకుల వాసనా గాలిలో తేలుతుంటే, నేనూ తమ్ముడూ వడపప్పు దోసిళ్ళతో పంచుతూ పంచిన దానికంటే ఎక్కువ తిన్నాం. యాకూబ్ భాయ్ పందిరి కింద జంటలు బారులు తీరాయి. ఆయన పనికట్టుకొని మా ఇంటికి వచ్చి, “మస్తుగ కుదిరింది అన్నా, నీ తమ్ముడు అసలైన ఆర్టిస్టు” అని నాన్నతో చెప్పి, పానకం తాగి పోయాడు. నాన్న మాట మీద నిలబడే మనిషి. ఆ సాయంత్రమే బాబాయిని పిలిచి, షాపు మాట మర్చిపోరా, నీ పని నువ్వు చేసుకో, అన్నాడు. మేము గెంతులు వేశాం.

తొలకరి పడింది. బాబాయి ట్రంకు పెట్టె సర్దుకొని, సత్తుపల్లి బస్సెక్కడానికి తయారయ్యాడు. వద్దన్నాను కదరా అని నాన్న, వెళ్ళకురా అని నాయనమ్మ, ఏంది మరిదీ నీకేమన్న పిచ్చా అని అమ్మ. “మెట్లు ఎవరైనా వేస్తారు వదినా” అన్నాడు, పెట్టె ఎత్తుకున్నాడు. ఇల్లంతా ఉండమంటే వెళ్ళాడు. ఆయన కోసం దేవుడికి మొక్కుకున్న నేనూ తమ్ముడూ ఆ మొక్కు తీరినట్టా, తీరనట్టా? నాకు అప్పుడు వచ్చిన కోపం ఇంతవరకు దిగలేదు. అడిగినన్నాళ్ళూ అడిగి, దెబ్బలాడి, తీరా ఇచ్చాక వద్దని పోయే మనిషిని ఏమనాలి! సత్తుపల్లిలో యూరియా అమ్మాడు, పెళ్ళి చేసుకున్నాడు, లావణ్య పుట్టింది. షాపు బోర్డు కూడా వేరేవాళ్ళ చేత రాయించాడు. ఎప్పుడైనా నేను ఆ తెర మాట ఎత్తితే, ఏ తెర, అనేవాడు.

సుద్ద పూత మాత్రం ఆయన మాట వినలేదు. ఏళ్ళ తరబడి జనం వీపులు రాసుకొని రాసుకొని పెచ్చులూడుతూ వచ్చింది. తర్వాత్తర్వాత ఆ చుట్టుపక్కల ఏ ఇంటికి పోయినా, గోడ మీద పెళ్ళి ఫోటోలో బంగళా మెట్ల మధ్య నుంచి ఒక వంకర కొమ్మ బయటికి రావడం చూసేదాన్ని. కొమ్మ అని నాకు తెలుసు, వాళ్ళు మరక అనుకునేవారు. రంగు ఫోటోలు వచ్చాక యాకూబ్ భాయ్ స్టూడియో మూసేశాడు, తెర ఏమైందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆ దారిన వెళితే రెండు పక్కలా జామాయిల్ తోటలు, పామాయిల్ తోటలు, గీతలు గీసినట్టు వరసలు. మా వాగు మీద కల్వర్టు ఉంది, వాగు లేదు. పెద్ద మోదుగ ఉన్న చోట రోడ్డు వెడల్పయింది. బోర్డులన్నీ ఫ్లెక్సీలే, వాటికి వాసన కూడా ఉండదు.

మధ్యాహ్నమంతా బీరువా గాలించి ఆ ఒక్క ఫోటో బయటికి తీశాను. ఆ అడవి మొత్తం ఉన్న కాగితం భూమి మీద ఇదొక్కటే. కళ్ళజోడు సవరించుకొని, కిటికీ దగ్గర పెట్టుకొని చూశాను. కనిపిస్తేగా! పెద్ద మోదుగ ఉండవలసిన చోట నాన్న తెల్ల చొక్కా. వాగు ఉండవలసిన చోట అమ్మ కొంగు. దారికి అడ్డంగా నాయనమ్మ, తునికి పొదకు అడ్డంగా నా రిబ్బన్లు. నాన్న భుజం పక్క నుంచి నాలుగు కొమ్మలు, ఆ కొమ్మల మీద బూడిద చుక్కలు, అంతే. పోయిన మనుషుల మీద కోపం తెచ్చుకోకూడదంటారు, నాకు వచ్చింది. జరిగితే ఏం పోయేది నాన్నా, అని పైకే అన్నాను.

దాన్నే ఫోన్లో ఫోటో తీసి లావణ్యకు పంపాను. ఇదేనమ్మా మీ నాన్న వేసింది, మేము అడ్డం నిలబడ్డాం, అని రాశాను. కాసేపటికి జవాబు వచ్చింది. “అక్కా, చెట్లు కొంచెమే కనిపిస్తున్నాయి. కానీ మీరెవరూ కెమెరా వైపు చూడటం లేదేంటి? అందరూ పక్కకి, అంత చిరాగ్గా ఎవర్ని చూస్తున్నారు?”

నేను మళ్ళీ ఫోటో తీసుకొని చూశాను. నిజమే. నాన్న, నాయనమ్మ, అమ్మ, తమ్ముడు, నేను, అందరి కళ్ళూ ఒకే వైపుకు, ఫోటో అంచు బయటికి తిరిగి ఉన్నాయి. అందరి మొహాల్లోనూ ఒకటే విసుగు.

మీ నాన్ననే, అని రాశాను. జరగమంటున్నాడు.